టెక్ సందేహాలు: ఫోన్ కింద ప్యాడ్, ప్యాడ్ వెనక అడాప్టర్

ప్రశ్న: 15 వాట్ల వైర్‌లెస్ ఛార్జర్ కొన్నాను. రాత్రి పెట్టి పడుకుంటే ఉదయానికి 60 శాతం కూడా ఎక్కడం లేదు. పైగా ఫోన్ వేడెక్కుతోంది. లోపం ఛార్జర్‌దా, ఫోన్‌దా?

జవాబు: ఈ ఉత్తరం మాటలు మార్చుకుని మళ్లీ మళ్లీ వస్తూనే ఉంది. రాసేవాళ్లెవరూ చెప్పని విషయం ఒకటుంది: ప్యాడ్‌ని ఏ అడాప్టర్‌కి తగిలించారు? పాత ఫోన్‌తో ఎప్పుడో వచ్చిన 5 వాట్ల అడాప్టర్‌కో, కంప్యూటర్ వెనకున్న యూఎస్‌బీ పోర్టుకో తగిలించి, పెట్టె మీద రాసిన 15 వాట్లు రావడం లేదంటే ఎక్కడి నుంచి వస్తాయి? ఫోన్‌కి 15 వాట్లు అందాలంటే అడాప్టర్ 20 వాట్లదైనా ఉండాలి. మధ్యలో వేడి రూపంలో పోయేది తక్కువేం కాదు. మంచి ప్యాడ్ మీద కూడా పావు వంతు దాకా పోతుంది. అలాగని 65 వాట్ల ల్యాప్‌టాప్ అడాప్టర్ తగిలిస్తే వేగం పెరగదు. ప్యాడ్ తనకు కావలసినంతే లాక్కుంటుంది.

అడాప్టర్ సరైనదే అయితే ఫోన్‌ని ఎలా పెడుతున్నారో చూడండి. ప్యాడ్‌లో ఒక రాగి తీగచుట్ట, ఫోన్ వెనక భాగంలో మరొకటి ఉంటాయి. ప్యాడ్ చుట్టలో కరెంటు సెకనుకు లక్షసార్లకు పైగా అటూ ఇటూ మారుతుంటే, దాని అయస్కాంత క్షేత్రం వల్ల ఫోన్ చుట్టలో కరెంటు పుడుతుంది. 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇది, కొత్తదేమీ కాదు. అయితే రెండు చుట్టలూ ఎదురెదురుగా కూర్చోవాలి. ఒక సెంటీమీటరు పక్కకు జరిగినా కరెంటు తగ్గుతుంది, వేడి పెరుగుతుంది. మీరు పడుకునేటప్పుడు సరిగ్గానే పెట్టి ఉంటారు. రాత్రంతా మెసేజీలకు వైబ్రేట్ అవుతూ ఫోన్ కొంచెం కొంచెంగా జరిగిపోయి ఉంటుంది. ఒకరోజు వైబ్రేషన్ ఆపేసి చూడండి, తేడా తెలుస్తుంది.

చాలామంది అనుకున్నట్టు వేగాన్ని నిర్ణయించేది ప్యాడ్ కాదు, ఫోన్. 'ఇంకొంచెం పెంచు', 'ఇక తగ్గించు' అని చిన్న చిన్న సంకేతాలను అదే చుట్ట ద్వారా ప్యాడ్‌కి పంపుతూనే ఉంటుంది. బ్యాటరీ వేడెక్కితే తగ్గించమంటుంది. అందుకే వేడెక్కిన ఫోన్ నెమ్మదిగా ఛార్జ్ కావడం లోపం కాదు, తనను తాను కాపాడుకుంటోందని అర్థం. ప్యాడ్ మీద పెట్టి వీడియో కాల్ మాట్లాడుతూ 'ఛార్జింగ్ ఎక్కడం లేదు' అని రాసేవాళ్ల మీద మాత్రం నాకు జాలి లేదు.

ప్రశ్న: ప్రతిసారీ పౌచ్ తీయాలా?

జవాబు: మామూలు సిలికాన్ పౌచ్ అయితే అక్కర్లేదు. మూడు మిల్లీమీటర్ల కన్నా మందంగా ఉంటే ఇబ్బంది మొదలవుతుంది. కారు హోల్డర్ కోసం వెనక అతికించిన ఇనుప బిళ్ల, వేలికి తగిలించుకునే మెటల్ రింగు ఉంటే మాత్రం తప్పనిసరిగా తీయాల్సిందే. ఎందుకో కింది జవాబులో ఉంది.

ప్రశ్న: పేరూ ఊరూ లేని ప్యాడ్ ఒకటి తక్కువకు దొరికింది. మీద క్యూఐ గుర్తు కూడా ఉంది. వాడొచ్చా?

జవాబు: గుర్తు అచ్చు వేయడానికి సిరా ఉంటే చాలు. క్యూఐ (Qi) అంటే వైర్‌లెస్ ఛార్జింగ్‌కి ఉన్న ప్రమాణం. దాన్ని చూసేది వైర్‌లెస్ పవర్ కన్సార్టియం అనే సంస్థ. పరీక్షలో నెగ్గిన ఛార్జర్ల జాబితా వాళ్ల వెబ్‌సైట్‌లో అందరికీ కనిపిస్తుంది. ప్యాడ్ వెనక రాసిన మోడల్ నంబర్ అందులో ఉందేమో వెతకండి. లేకపోతే ఆ గుర్తుకు విలువ లేదు.

వైర్‌లెస్ ఛార్జింగ్‌లో నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం ఇక్కడే. మారుతున్న అయస్కాంత క్షేత్రంలో ఏ లోహం ముక్క ఉన్నా దానిలోనూ కరెంటు పుడుతుంది, అది కాలుతుంది. ఇండక్షన్ స్టవ్ మీద గిన్నె వేడెక్కే పద్ధతే ఇది. నాణెం, తాళంచెవి, పేపర్ క్లిప్, మందుబిళ్లల రేకు, ఏదైనా సరే. మంచి ఛార్జర్ తాను పంపిన శక్తినీ, తనకు అందిందని ఫోన్ చెప్పిన శక్తినీ పోల్చి చూసుకుంటూ ఉంటుంది. రెండిటికీ తేడా ఎక్కువగా వస్తే మధ్యలో ఇంకేదో తాగేస్తోందని గ్రహించి ఆగిపోతుంది. ఖర్చు తగ్గించుకోవాలనుకున్న తయారీదారు ముందు కత్తిరించేది ఇలాంటి జాగ్రత్తనే. ఎందుకంటే అది లేకపోయినా ఫోన్ ఛార్జ్ అవుతుంది, లైటు వెలుగుతుంది, కొన్నవాళ్లకు తేడా తెలియదు. అలాంటి ప్యాడ్‌ని దిండు పక్కన పెట్టుకుని, దాని మీద దుప్పటి పడినా పట్టించుకోకుండా నిద్రపోతారు. పౌచ్ వెనక అరలో బ్యాంకు కార్డు, ఆఫీసు యాక్సెస్ కార్డు దాచుకునేవాళ్లకు కూడా చెబుతున్నా: ఈ క్షేత్రంలో కార్డులోని చిప్పు పాడైతే మళ్లీ బాగుకాదు.

ఇంకో సంగతి. 2024లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం, సర్టిక్ అనే సైబర్ భద్రతా సంస్థల పరిశోధకులు వోల్ట్‌స్కీమర్ అనే దాడిని బయటపెట్టారు. ప్యాడ్‌ని ముట్టుకోలేదు, దాని సాఫ్ట్‌వేర్ జోలికీ పోలేదు. ప్యాడ్‌కి కరెంటు ఇచ్చే అడాప్టర్ దారిలో ఒక పరికరం పెట్టి, వోల్టేజీలో కావాలని హెచ్చుతగ్గులు కలిపారు. అంతే, ప్యాడ్ వాళ్ల మాట వినడం మొదలుపెట్టింది. లోహ వస్తువులను పసిగట్టే రక్షణను దాటేసి వాటిని కాల్చగలిగారు. ఫోన్ 'ఇక ఆపు' అన్నా ఆగకుండా వేడెక్కించగలిగారు. ఫోన్‌లోని వాయిస్ అసిస్టెంట్‌కి ఎవరికీ వినిపించని ఆదేశాలు కూడా ఇవ్వగలిగారు. బాగా అమ్ముడుపోతున్న తొమ్మిది ఛార్జర్ల మీద పరీక్షిస్తే అన్నీ లొంగిపోయాయి. ఇంట్లో మీ సొంత అడాప్టర్ వాడుతుంటే టెన్షన్ అక్కర్లేదు. బయట బల్లల్లో బిగించిన ప్యాడ్‌ల సంగతి వేరు. కేబుల్‌లో ఉండే డేటా లైన్లు వీటిలో ఉండవు కాబట్టి ఫైళ్లు లాగేయడం కుదరదు, నిజమే. కానీ బల్ల కింద ఏ అడాప్టర్ ఉందో, దాన్ని ఎవరు ముట్టుకున్నారో మీకు తెలియదు. తప్పనిసరి అయితే లాక్ స్క్రీన్ మీద వాయిస్ అసిస్టెంట్‌ను ఆపేసి వాడండి.

ప్రశ్న: మొన్న అప్‌డేట్ వచ్చాక ప్యాడ్ మీద 80 శాతం దగ్గర ఆగిపోతోంది. వెనక్కి వెళ్లే దారి ఉందా?

జవాబు: వెనక్కి వెళ్లక్కర్లేదు. బ్యాటరీ సెట్టింగ్స్‌లో 80 శాతం పరిమితి ఆన్ అయిందేమో చూడండి. వేడి వల్ల కూడా అక్కడ కాసేపు ఆగుతుంది, చల్లబడ్డాక మళ్లీ మొదలవుతుంది. లిథియం బ్యాటరీ నిండుగా, వేడిగా ఎక్కువసేపు ఉంటే త్వరగా అరిగిపోతుంది కాబట్టి పరిమితి మంచిదే. నా కోపమంతా చెప్పకుండా చేసే పద్ధతి మీద. ఛార్జింగ్ తీరునే మార్చేసి, అప్‌డేట్ వివరాల్లో 'బగ్‌లు సరిచేశాం, పనితీరు మెరుగుపరిచాం' అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. డబ్బు పెట్టి కొన్న ఫోన్‌లో ఏం మారిందో తెలుసుకోవడానికి మనం ఉత్తరాలు రాసుకోవాలి!

మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. పర్యావరణం పేరు చెప్పి పెట్టెలోంచి అడాప్టర్ తీసేసినవాళ్లే, పావు వంతు కరెంటు వేడిగా పోయే ప్యాడ్‌ని భవిష్యత్తు అంటూ విడిగా అమ్ముతున్నారు. 50 వాట్ల వైర్‌లెస్ అని పెద్ద అక్షరాలతో ప్రకటించి, ఆ వేగం తమ స్టాండు మీదే వస్తుందన్న సంగతి మాత్రం కనీకనిపించని అక్షరాల్లో వేస్తారు. వేరే ప్యాడ్ మీద పెడితే అదే ఫోన్ 15 వాట్లకో, అంతకన్నా కిందికో దిగిపోతుంది.

ప్రశ్న: ఇప్పుడు కొనాలంటే ఎలాంటిది కొనాలి?

జవాబు: క్యూఐ2 ది. 2023లో వచ్చిన ఈ ప్రమాణంలో అయస్కాంతాలు ఫోన్‌ని సరైన చోట పట్టుకుంటాయి కాబట్టి పక్కకు జరిగే గొడవ చాలావరకు తీరుతుంది. మీ ఫోన్ 'క్యూఐ2 రెడీ' అయితే అందులో అయస్కాంతాలు ఉండవు, అవి ఉన్న పౌచ్ విడిగా కొనుక్కోవాలి. అసలు మీ ఫోన్‌లో వైర్‌లెస్ ఛార్జింగ్ ఉందో లేదో ముందు చూసుకోండి. నవ్వకండి, లేని ఫోన్‌కి ప్యాడ్ కొని నాకు రాసినవాళ్లు ఉన్నారు. పేస్‌మేకర్ పెట్టుకున్నవాళ్లు ఇలాంటి అయస్కాంతాలున్న ఫోన్‌నీ ప్యాడ్‌నీ ఛాతీకి కనీసం 15 సెంటీమీటర్లు, ఛార్జింగ్ జరుగుతుంటే 30 సెంటీమీటర్లు దూరంగా ఉంచాలి. చొక్కా జేబు వద్దు.

ప్రశ్న: నా ఫోన్ వెనక ఇంకో ఫోన్ పెట్టి ఛార్జ్ చేయొచ్చంటున్నారు. పనికొస్తుందా?

జవాబు: ఇయర్‌బడ్స్‌కి పనికొస్తుంది. ఫోన్‌కి అంటే, మీది ఖాళీ అవుతుంది, అవతలిది నిండదు.