అన్నీ ఉన్నా మనసు చెట్టూ చేమా వైపే ఎందుకు లాగుతుంది?

గచ్చిబౌలిలో పదిహేనో అంతస్తు, మంచి జీతం, అయినా పచ్చదనం కోసం ఈ బెంగేమిటని అడిగారు. స్క్రీన్లు, ట్రాఫిక్ మన దృష్టిని బలవంతంగా లాక్కుంటాయి. ఆకుల కదలిక అలా లాక్కోదు, మెదడుకు కాస్త తెరిపి దొరుకుతుంది. రోజర్ ఉల్‌రిచ్ అనే పరిశోధకుడు 1984లో అమెరికాలోని ఒక ఆసుపత్రి రికార్డులతో చేసిన అధ్యయనం ప్రచురించాడు: పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్లలో, కిటికీలోంచి చెట్లు కనిపించినవాళ్లు ఇటుక గోడ కనిపించినవాళ్లకంటే త్వరగా ఇంటికెళ్లారు, గట్టి నొప్పి మందులూ తక్కువే వాడారు. 46 మందే అనుకోండి, చిన్న అధ్యయనమే.

సెలవు రోజు పచ్చదనం కోసం వెళ్లాలంటే కేబీఆర్ పార్కు దగ్గరే, కానీ పొద్దున జనం ఎక్కువ. నా ఓటు చిలుకూరు దగ్గరి మృగవని జాతీయ ఉద్యానవనానికి. వారం మధ్యలో బాల్కనీలో కరివేపాకు కుండీ చాలు, పావురాలు బతకనిస్తే!