రహెబోతు అంటే ఎడబాటా?

సందేహం: కొత్త ఇంటికి 'రహెబోతు' అని పేరు పెట్టాలనుకున్నాం. బైబిల్లో ఆ పేరు దగ్గర 'ఎడము కలుగజేసియున్నాడు' అని ఉంది. అది చదివిన మా అత్తగారు, ఎడం అంటే దూరమే కదా, గృహప్రతిష్ఠ చేసుకుంటూ ఎడబాటు పేరు పెట్టుకుంటారా అంటున్నారు. మా మరిదేమో 'రెహోబోతు' అని రాయాలంటాడు. ఏది సరైనది?

సమాధానం: అమ్మా, మీ అత్తగారు ఊరికే అనలేదు, ఇవాళ ఎడం అనగానే అందరికీ ముందు తోచేది దూరమే. కానీ ఆ మాటకు చోటు, సందు, ఖాళీ అనే అర్థాలు ఎప్పటినుంచో ఉన్నాయి. మిరప నారు ఎడం ఎడంగా నాటమంటాం. మొక్కల్ని ఒకదానికొకటి దూరం చెయ్యాలని కాదు, ప్రతి మొక్కా కొమ్మ వెయ్యడానికి చోటుండాలని. ఎడతెగని వాన అంటే మధ్యలో తెరిపివ్వని వాన. ఇక ఎడబాయడం అన్నప్పుడు విడిపోవడం 'ఎడ'లో లేదు, వెనకున్న 'పాయు'లో ఉంది, జడ పాయలు తీస్తామే ఆ పాయు. కాబట్టి ఇక్కడ తప్పంతా పాయుది, ఎడానికి అంటగట్టకండి!

అసలు ఆ పేరెలా వచ్చిందో చూస్తే అనుమానం పూర్తిగా పోతుంది. ఆదికాండం 26వ అధ్యాయంలో ఇస్సాకు గెరారు లోయలో ఉంటాడు, తండ్రి అబ్రాహాము నాటి బావుల్ని ఫిలిష్తీయులు మన్ను పోసి పూడ్చేసి ఉంటారు. ఇతని మనుషులు ఒక బావి తవ్వితే అక్కడి కాపరులు వచ్చి ఈ నీళ్లు మావే అంటారు, దానికి ఏశెకు అని పేరు పెడతాడు, అంటే జగడం. ఇంకోటి తవ్వితే దానికీ గొడవే, అది శిత్నా, అంటే పగ. అక్కణ్ణుంచి కదిలి మూడోది తవ్వితే ఎవరూ అడ్డు రాలేదు. హమ్మయ్య, ఇప్పుడు మనకు చోటు దొరికింది అనుకుని దానికి రహెబోతు అని పేరు పెట్టాడు. బోరు దగ్గరో గట్టు దగ్గరో పక్క పొలంవాళ్లతో తగాదా పడినవాళ్లకు ఈ పేరు విలువ నేను వేరే చెప్పక్కర్లేదు.

హీబ్రూలో ఈ మాట ధాతువుకు వెడల్పు, విశాలం అని అర్థం. నాలుగో కీర్తనలో 'ఇరుకులో నాకు విశాలత కలుగజేసినవాడవు' అన్నచోట ఉన్నదీ అదే ధాతువు. సొలొమోను కొడుకు రెహబాము పేరూ దాన్నుంచే వచ్చింది, జనం విస్తరించారు అని దాని భావం. పాపం ఆయన ఏలుబడిలోనే రాజ్యం రెండు ముక్కలైంది, అది వేరే సంగతి. హీబ్రూలో వీధిని 'రెహోవ్' అంటారు, రెహోవోత్ దాని బహువచనం. ఇప్పుడు ఇజ్రాయెల్‌లో ఆ పేరుతో ఉన్న పట్టణం 1890లో వెలిసింది, పేరు ఈ వచనంలోంచే తీసుకున్నారు. ఇస్సాకు బావి మాత్రం అక్కడ కాదు, ఇంకా దక్షిణాన బెయేర్షెబా దాటాక నెగెబు ఎడారిలో ఉండేదని పండితుల అంచనా.

ఈమధ్య ప్రమోషన్ వచ్చినా, ప్లాటు కొన్నా 'ఇది మా రహెబోతు' అనడం వినిపిస్తోంది. నాకైతే ఆ వాడుక కాస్త పలుచనగా అనిపిస్తుంది. రెండు బావులు వదులుకుని వచ్చినవాడు పెట్టిన పేరది, ఉత్త లాభానికి వాడితే ఆ కథంతా జారిపోతుంది. సొంత ఇంటికైతే చక్కగా నప్పుతుంది, అందులోనూ అద్దె ఇళ్లు మారీ మారీ విసిగినవాళ్లకు.

ఇక స్పెల్లింగు. మూలంలోని పలుకుబడికి మీ మరిది చెప్పిన రెహోబోతే దగ్గర, దాన్ని తప్పనలేం. కాకపోతే మన పాత తెలుగు బైబిల్లో ఉన్నది రహెబోతు, ఇంటికొచ్చినవాళ్లు బోర్డు చూసి బైబిలు తీస్తే దొరికేదీ అదే. నేనైతే అదే రాయిస్తాను. హీబ్రూలో చివర 'ఉ' లేదు, యాకోబుకూ ఇస్సాకుకూ చేర్చినట్టే దీనికీ మనం చేర్చుకున్నాం, అందుకే రహెబోతులో, రహెబోతుకు అని విభక్తులు హాయిగా అతుకుతాయి. బోర్డు రాసేవాడికి మాత్రం కాగితం మీద రాసివ్వండి, 'హె'కు దీర్ఘం పెట్టి రహేబోతు చేసేస్తాడు.