కంబోడియాలో ఇంగ్లీష్ టీచరుగా పరిచర్య: మా అమ్మాయిని పంపొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయికి 24 ఏళ్ళు. ఎం.ఏ. ఇంగ్లీష్, బి.ఎడ్. చేసి ఏడాదిగా ఇక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో చెబుతోంది. కిందటేడు యవ్వనస్థుల కూడికల్లో దేవుని సేవకు సమర్పించుకుంది. కంబోడియాలో ఇంగ్లీష్ టీచరుగా ఉంటూ మిషనరీగా పరిచర్య చేస్తానంటోంది. తెలిసినవాళ్ళ ద్వారా ఒకాయన పరిచయమయ్యాడు. 2 లక్షల 20 వేలు కడితే వీసాతో సహా అన్నీ చూసుకుని నెలలోపు పంపిస్తాడట. వాళ్ళ నాన్నగారు ససేమిరా అంటున్నారు. నాకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఇది మంచి దారేనా? పెళ్ళి సంగతేమిటి? (ఓ తల్లి, బాపట్ల జిల్లా)

జవాబు: అమ్మా, మిగతా మాటలకు ముందు ఒకటి చెబుతాను. ఆ డబ్బు కట్టకండి. అడ్వాన్సుగా పదివేలు కూడా ఇవ్వకండి.

కంబోడియా, మయన్మార్, లావోస్‌లలో కంప్యూటర్ ఉద్యోగాలని, టైపింగ్ పని అని చెప్పి మన కుర్రాళ్ళను తీసుకెళ్ళి సైబర్ మోసాలు చేయించే ముఠాలకు అప్పగించిన ఏజెంట్లు ఉన్నారు. 2024లో విశాఖ పోలీసులు ఇలాంటి వాళ్ళను అరెస్టు కూడా చేశారు. మీకు పరిచయమైనాయన అలాంటివాడేనని నేననడం లేదు. కానీ స్కూలు పేరు చెప్పకుండా, ఒప్పంద పత్రం చూపించకుండా నెలలో పంపిస్తాననే మనిషిని నమ్మడానికి నాకు ఒక్క కారణం కూడా కనిపించడం లేదు. విదేశాలకు ఉద్యోగులను పంపే ఏజెంటుకు మన విదేశాంగ శాఖ లైసెన్సు ఉండాలి. ఆ పేర్లు ఆ శాఖ నడిపే ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఉంటాయి. లైసెన్సున్న ఏజెంటు సైతం సర్వీసు ఛార్జీ కింద 30 వేలు, దాని మీద జీఎస్టీ తప్ప తీసుకోకూడదు. అనుమానముంటే విదేశాలకు పనికి వెళ్ళేవాళ్ళ రక్షణ చూసే ప్రభుత్వ ఆఫీసు, హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్‌లో అడగండి.

ఆయన్ని ఒక్క ప్రశ్న అడిగి చూడండి: ఏ వీసా మీద పంపుతారు? కంబోడియాకు టూరిస్టు వీసాను 'టి' అంటారు. దాన్ని ఒక నెల మించి పొడిగించరు, దాని మీద ఉద్యోగం చేయడం నేరం. పనిచేసేవాళ్ళు 'ఇ' రకం వీసాతో వెళ్ళి, అక్కడ దాన్ని పొడిగించుకుని, కార్మిక శాఖ నుంచి వర్క్ పర్మిట్ తీసుకోవాలి. 'ముందు టూరిస్టుగా వెళ్ళనివ్వండి, అక్కడ చూసుకుందాం' అన్నాడంటే ఆయనతో మాటలు అక్కడితో ఆపేయండి.

ఇక అమ్మాయి కోరిక దగ్గరికి వద్దాం. తనకు పిలుపు ఉందో లేదో చెప్పేవాణ్ణి నేను కాను. అది తనకూ, మీ సంఘానికీ, దేవుడికీ మధ్య సంగతి. ఆ పిలుపుకు ఉద్యోగం ఎలా తోడవుతుందో మాత్రం చెప్పగలను.

ఈ దారి కొత్తదేం కాదు. 1903లోనే నెల్లూరు నుంచి జాన్ రంగయ్య గారు తెలుగు బాప్తిస్టుల పక్షాన దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు మిషనరీగా వెళ్ళారు, అక్కడి తోటల్లో కూలీలుగా చేరిన మనవాళ్ళ కోసం. తెలుగు నేల మిషనరీలను పిలిపించుకోవడమే కాదు, పంపించింది కూడా. అయితే ఆయన వెళ్ళింది తన భాష మాట్లాడేవాళ్ళ దగ్గరికి. మీ అమ్మాయి వెళ్ళాలనుకుంటున్నది బౌద్ధం రాజ్యాంగపరంగా జాతీయ మతమైన దేశానికి, అదీ టీచరుగా. అక్కడ మత స్వేచ్ఛ ఉంది, చర్చిలూ ఉన్నాయి. కానీ బౌద్ధేతరులు బహిరంగంగా మతప్రచారం చేయకూడదు, తమ మత పుస్తకాలను ప్రార్థనా స్థలాల బయట పంచకూడదు, డబ్బో వస్తువులో ఇచ్చి మతం మార్చకూడదు. ఇది చట్టం.

అందుకే ఒక మాట గట్టిగా చెబుతున్నాను, అమ్మాయికి చదివి వినిపించండి. ఇంగ్లీష్ క్లాసు ఎర కాకూడదు. కూలి డబ్బుల్లోంచి ఫీజు కట్టి ఓ తండ్రి తన పిల్లను ఇంగ్లీష్ కోసం పంపిస్తాడు. ఆ గంటలో ఇంగ్లీషే చెప్పాలి. వ్యాకరణం పాఠంలో బైబిల్ వాక్యం దూర్చడం, తల్లిదండ్రులకు తెలియకుండా చిన్నపిల్లలతో ప్రార్థన చేయించడం ఆ తండ్రిని మోసం చేయడమే. ఇంటర్వ్యూలోనే తాను క్రైస్తవురాలినని, ఆదివారం చర్చికి వెళ్తానని, మత సంబంధమైన పనులకు అక్కడి చట్టం ఎంతవరకు ఒప్పుకుంటే అంతవరకే చేస్తానని స్కూలుకు చెప్పాలి. పెద్దవాళ్ళు ఎవరైనా ఆమె బతుకు చూసి అడిగితే క్లాసు బయట మాట్లాడుకోవచ్చు.

అజాగ్రత్త ఎంత ఖరీదైనదో చూడండి. 2011లో మాల్దీవుల్లో పనిచేస్తున్న కేరళ టీచరు ఒకరిని, స్కూలు కంప్యూటర్లో మరియమాత బొమ్మ, అతని దగ్గర బైబిల్ దొరికాయని సుమారు రెండు వారాలు జైల్లో ఉంచి వెనక్కి పంపేశారు. కంబోడియా అంత కఠినం కాదు. కానీ ఏ దేశం చట్టం ఏమంటుందో విమానం ఎక్కకముందే తెలియాలి. పక్కనున్న నేపాల్‌కు మనకు వీసా అక్కర్లేదు, అక్కడైతే మతం మార్పించడానికి ఐదేళ్ళ వరకు జైలుశిక్ష ఉంది.

దీనికి భిన్నమైన ఉదాహరణ భూటాన్‌లో ఉంది. 1963లో ఫాదర్ విలియం మాకీ అనే కెనడా జెస్యూట్ (ఒక క్యాథలిక్ సన్యాస సమాజానికి చెందిన గురువు) అక్కడికి వెళ్ళి బడులు నడిపారు. మతప్రచారం చేయలేదు. పాఠాలు చెప్పారు, టీచర్లను తయారు చేశారు, 1995లో చనిపోయేవరకు ఆ దేశంలోనే ఉండిపోయారు. భూటాన్ ఆయనకు పౌరసత్వం ఇచ్చింది. ఆధునిక విద్యకు పునాది వేసినవాడని ఇప్పటికీ తలుచుకుంటుంది. పరిచర్య అంటే ఇలా కూడా ఉంటుందని అమ్మాయి మనసు ఒప్పుకుంటేనే ఈ దారి తనకు సరిపోతుంది. ఒప్పుకోకపోతే వేదాంత కళాశాలకు వెళ్ళి పూర్తికాల సేవకే సిద్ధపడటం మేలు, అందులో తప్పేమీ లేదు.

ఇప్పుడు అసలైన కష్టం గురించి. మీ అమ్మాయి ఇంగ్లీష్ ఎం.ఏ. సరే, తెలుగు రాని పిల్లలకు ఇంగ్లీష్ చెప్పగలదా? నేను చాలా డెమో క్లాసులు చూశాను. 'ప్రెజెంట్ పర్ఫెక్ట్' చెప్పమంటే మనవాళ్ళు బోర్డు మీద సూత్రం రాసి, తెలుగులో అర్థం చెప్పి కూర్చుంటారు. కంబోడియాలో ఆ ఊతకర్ర ఉండదు. ఒకసారి ఒకమ్మాయి ఏం చేసిందంటే, మాట్లాడకుండా తన హ్యాండ్‌బ్యాగు టేబుల్ మీద బోర్లించింది. దువ్వెన, బస్ పాస్, సగం తిన్న బిస్కెట్ ప్యాకెట్ పడ్డాయి. కంగారుగా వెతుకుతూ 'ఐ హావ్ లాస్ట్ మై కీ' అంది. ఇంకోసారి అంది. వెనక బెంచీ కుర్రాడు జేబులు తడుముకుని 'ఐ హావ్ లాస్ట్ మై పెన్' అన్నాడు. ఆ తరువాత క్లాసంతా ఏదో ఒకటి పోగొట్టుకుంది! అర్ధగంటలో ఒక్క తెలుగు మాట వినపడలేదు. అది నేర్చుకోవాలి.

ఉచ్చారణ కూడా అంతే. మనం బస్సు, పెన్ను, బుక్కు అని చివర అచ్చు తగిలిస్తాం. కంబోడియా భాష ఖ్మేర్ మాట్లాడే పిల్లల ఇబ్బంది దీనికి పూర్తిగా ఎదురు. చివరి 'స్' లాంటి శబ్దాలను మింగేస్తారు. వాళ్ళకు మాట చివర సరిచేయాల్సిన టీచరే 'బస్సు' అంటే పిల్లలు ఏం నేర్చుకుంటారు? ఆరు నెలలు రోజూ తన గొంతు ఫోన్లో రికార్డు చేసుకుని వినమనండి.

శిక్షణకు కేంబ్రిడ్జ్ వాళ్ళ సెల్టా మంచిది, ఇంగ్లీష్ మాతృభాష కానివాళ్ళకు ఇంగ్లీష్ చెప్పడం నేర్పే సర్టిఫికెట్ అది. సుమారు 120 గంటల కోర్సు. అందులో ఆరు గంటలు నిజమైన విద్యార్థులకు పాఠం చెబుతుంటే పరిశీలకులు కూర్చుని తప్పులు చెబుతారు. పూర్తికాలంగా చేస్తే నాలుగు వారాలు. ఫీజు లక్ష దాటుతుంది, కానీ ఆ ఏజెంటుకు ఇవ్వబోయిన డబ్బుకు ఇది వెయ్యి రెట్లు మేలు. అంత పెట్టలేకపోతే హైదరాబాద్ ఇఫ్లూలో (ఇంగ్లీష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) ఇంగ్లీష్ బోధనకు పీజీ సర్టిఫికెట్ కోర్సు దూరవిద్యలో ఉంది. రెండు మూడు వేలకు ఆన్‌లైన్‌లో దొరికే, ఒక్క క్లాసు కూడా చెప్పించని సర్టిఫికెట్ల జోలికి పోవద్దు.

పాస్‌పోర్టు గురించి కూడా ఆమెకు తెలియాలి. చైనా, దక్షిణ కొరియా లాంటి చోట్ల ఇంగ్లీష్ టీచరు వీసాలు ప్రధానంగా అమెరికా, బ్రిటన్ వంటి ఏడు దేశాల వాళ్ళకే. మనం ఎంత బాగా చెప్పినా అక్కడ తలుపు దాదాపు మూసే ఉంటుంది. కంబోడియాలో ఫిలిప్పీన్స్ వాళ్ళు, మనవాళ్ళు పనిచేస్తున్నారు, కానీ జీతం తెల్లవాళ్ళ కంటే తక్కువ ఇచ్చే స్కూళ్ళు చాలా ఉన్నాయి. ఇది అన్యాయమే. ముందే తెలిస్తే అక్కడికెళ్ళాక మనసు విరగదు.

ఒంటరిగా మాత్రం పంపకండి. మీ పాస్టరుగారితో కూర్చుని, ఆయనకు తెలిసిన, ఏళ్ళ తరబడి మనుషుల్ని పంపుతున్న మిషన్ సంస్థతో మాట్లాడండి. డెంగీ వస్తే ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తారు, ఇన్సూరెన్స్ ఎవరు కడతారు, వెనక్కి రావడానికి టికెట్ డబ్బు ఎక్కడ ఉంటుంది, స్కూలు జీతం ఇవ్వకపోతే మూడు నెలలు ఎలా బతకాలి అని అడగండి. సిగ్గుపడకండి, అవి విశ్వాసం లేని ప్రశ్నలు కావు. ఆ దేశంలో ఇప్పటికే పనిచేస్తున్న మన అమ్మాయి ఎవరైనా ఉంటే వాళ్ళతో మాట్లాడించమని కోరండి.

వెళ్ళాక మొదటి ఏడాది ఖ్మేర్ నేర్చుకోవాలి. ఇక్కడ మన పిల్లలకు ఒక సౌకర్యం ఉంది. వాళ్ళ అక్షరమాల కూడా మనలాగే క, ఖ, గ, ఘ వరసలోనే నడుస్తుంది. టీచరును వాళ్ళు 'క్రూ' అంటారు, మన 'గురు' నుంచి వెళ్ళిన మాటే. పిల్లల తల నిమరడం లాంటివి మాత్రం మానుకోవాలి, అక్కడ తల మీద చెయ్యి వేయడం అమర్యాద.

పెళ్ళి సంగతి. దాన్ని బ్రేకులా వాడకండి, దాచనూ వద్దు. రెండేళ్ళ ఒప్పందంతో వెళ్ళి వస్తే 27 కూడా నిండవు. వచ్చే సంబంధాల వాళ్ళకు అమ్మాయి ఉద్దేశం మొదటే చెప్పండి. అది విని వెనక్కి తగ్గేవాళ్ళు తరువాత ఎలాగూ ఆమెను సంతోషంగా ఉంచలేరు. సేవ మానుకుని తిరిగొచ్చినా నష్టం లేదు. బి.ఎడ్., సెల్టా, రెండేళ్ళ విదేశీ అనుభవం ఉన్న ఇంగ్లీష్ టీచరుకు హైదరాబాద్‌లోని అంతర్జాతీయ స్కూళ్ళలో గిరాకీ ఉంటుంది.

వాళ్ళ నాన్నగారి భయాన్ని అవిశ్వాసం అని ఎవరూ అనకండి. ఆయన్ని కూడా లెక్కలోకి తీసుకోండి. స్కూలు వాళ్ళతో వీడియో కాల్ ఇంటర్వ్యూ జరిగే రోజున, అమ్మాయి అనుమతితో, ఆయన్ని పక్క కుర్చీలో కూర్చోబెట్టండి. ఒప్పంద పత్రం వచ్చాక సంతకం పెట్టేముందు దాన్ని నాకు పంపండి, ఒక్కో పేజీ చదివి చెబుతాను.