బైరాడ్స్ 0 వస్తే నేరుగా ఎమ్మారై తీయించుకోవచ్చా?

పలమనేరు నుంచి అడిగిన చెల్లెమ్మకు రాస్తున్నాను. క్యాంపులో తీసిన మామోగ్రామ్‌లో, అంటే రొమ్ము ఎక్స్‌రేలో, మీ అమ్మగారికి ‘బైరాడ్స్ 0’ అని వచ్చింది (బైరాడ్స్ అంటే రిపోర్టులో అనుమానం ఎంతుందో చెప్పే నంబరు), మళ్లీ రమ్మన్నారు. చుట్టాలేమో ‘ఈ తిరుగుడంతా ఎందుకు, ఒకేసారి ఎమ్మారైనో పెట్ స్కానో తీయించెయ్యండి, సూది మాత్రం గుచ్చనివ్వద్దు’ అంటున్నారు. ఏం చేయాలి అన్నారు. నేను డాక్టర్ని కాదు, తిరుపతిలో ఉండే మామూలు గృహిణిని. కానీ ఇదే సున్నా నాకూ వచ్చింది, తర్వాత మా వదినకూ వచ్చింది. ఇద్దరికీ జరిగిన పరీక్షలు వేరు, తేలిందీ వేరు.

సున్నా అంటే క్యాన్సర్ అని కాదు, ఏమీ లేదనీ కాదు. ఉన్న ఫిల్ములతో తేల్చలేం, ఇంకా కావాలి అని, అంతే. స్క్రీనింగ్‌లో మామూలుగా ఒక్కో రొమ్ముకు రెండే తీస్తారు, పైనుంచి ఒకటి, ఏటవాలుగా ఒకటి. లోపలి కణజాలం ఒకదానిమీద ఒకటి పడినా గడ్డలాగే కనిపిస్తుంది. ఇలా మళ్లీ పిలిచినవాళ్లలో ఎక్కువమందికి చివరికి క్యాన్సర్ కాదనే వస్తుంది. టెన్షన్ పడొద్దని చెప్పను, ఎవరికైనా ఉంటుంది. వెళ్లడం మాత్రం మానకండి.

ముందు రిపోర్టులో ఆ సున్నాతో పాటు ఏం రాశారో చూడండి. తర్వాతి పరీక్ష ఏదన్నది దాన్ని బట్టే ఉంటుంది.

నాకు మైక్రోకాల్సిఫికేషన్స్ అని రాశారు, అంటే సన్నని కాల్షియం చుక్కలు. ఇవి అల్ట్రాసౌండ్‌లో సరిగా దొరకవు, మామోగ్రామ్‌లోనే బాగా కనబడతాయి. అందుకని అదే మిషన్ మీద ఆ చోటు వరకే నొక్కిపట్టి, పెద్దది చేసి తీశారు. తీసేముందు టెక్నీషియన్ అమ్మాయి ‘పౌడర్ ఏమన్నా వేసుకున్నారా మేడమ్’ అని అడిగి, తడిగుడ్డ చేతికిచ్చి చంకలు తుడుచుకోమంది. పౌడరు, డియోడరెంటు రేణువులు కూడా ఫిల్ములో చుక్కల్లాగే పడతాయట! చుక్కలు గుండ్రంగా, చెదురుమదురుగా ఉంటే సాధారణంగా భయం లేదు. ఒకేచోట గుంపుకట్టి తలా ఒక ఆకారంలో ఉన్నా, గీత గీసినట్టు వరసలో ఉన్నా అనుమానిస్తారు. నావి గుంపుగా ఉన్నాయి, 4ఏ ఇచ్చారు. 4 అంటే బయాప్సీ చేసి, అంటే సూదితో చిన్న ముక్క తీసి పరీక్షించి చూడాలని. అందులో ఏ అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం నూటికి 2 నుంచి 10 దాకా. వేలూరులో స్టీరియోటాక్టిక్ బయాప్సీ చేయించుకున్నాను. మామోగ్రామ్ రెండు కోణాల్లో తీస్తే, సూది ఎక్కడికి, ఎంత లోతుకి వెళ్లాలో కంప్యూటరే లెక్కకడుతుంది. తీసిన ముక్కల్ని అప్పటికప్పుడే ఎక్స్‌రే తీసి చుక్కలు వచ్చాయని చూసుకున్నాక గానీ నన్ను లేవనివ్వలేదు. ఆ చోట గుర్తుగా చిన్న క్లిప్ పెట్టారు. క్యాన్సర్ కాదని వచ్చింది.

మా వదినకు గడ్డ ఉన్నట్టుంది అని రాశారు. అలా ఉంటే అల్ట్రాసౌండ్ చేస్తారు, అది నీటితిత్తా, గట్టి గడ్డా అని చూడటానికి. లోపలంతా నల్లగా, అంచు నున్నగా కనిపిస్తే నీటితిత్తి, కేటగిరీ 2, ఇంటికి పొమ్మంటారు. ఆమెది గట్టి గడ్డ, అంచు సరిగా లేదు. అల్ట్రాసౌండ్‌లో చూస్తూనే కోర్ బయాప్సీ చేశారు. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, ఆ సూది గన్‌ను ముందు గాల్లోనే ఒకసారి టక్కుమనిపించి వినిపించారట, తీరా చేసేటప్పుడు ఉలిక్కిపడి కదలకుండా. సన్నసూదితో చేసే ఎఫ్‌ఎన్‌ఏసీలో విడివిడి కణాలే వస్తాయి. కోర్‌లో ముక్క వస్తుంది కాబట్టి క్యాన్సరైతే ఏ రకం, ఏ మందుకు లొంగుతుంది అన్నది కూడా దాన్నుంచే తెలుస్తుంది. ఆమెకు క్యాన్సరే తేలింది. చిన్నగా ఉండగానే దొరికింది, ఆపరేషన్ అయి ఇప్పుడు మాత్రలు వాడుతోంది.

సూది గుచ్చితే పాకుతుందన్న మాట మా ఇంట్లోనూ పెద్దవాళ్లు అన్నారు. దాన్ని పట్టించుకోకండి. ఆపరేషన్‌కు ముందు బయాప్సీ చేయడం ఎక్కడైనా ఉన్న పద్ధతే. అది లేకుండా అనుమానంగా ఉన్న గట్టి గడ్డ ఏమిటో ఏ స్కానూ ఖాయంగా చెప్పలేదు.

ఇక ఎమ్మారై. వదినకు అది క్యాన్సర్ అని బయాప్సీలో తేలిన తర్వాతే తీశారు, జబ్బు ఎంతమేర ఉంది, రెండో వైపు ఏమన్నా ఉందా చూడటానికి. వంశంలో బీఆర్‌సీఏ లాంటి జన్యులోపం ఉన్నవాళ్లకూ వాడతారు. చేతికి గడోలినియం అనే మందు ఎక్కించి, బోర్లా పడుకోబెట్టి తీస్తారు, కిడ్నీ జబ్బు ఉంటే ముందే చెప్పాలి. చాలా సున్నితమైన పరీక్షే, కానీ ప్రమాదంలేనివి కూడా అందులో వెలిగి కనిపిస్తాయి. అంటే కొత్త అనుమానాలు, మళ్లీ బయాప్సీలు. మొదటే అది తీయించుకుంటే డబ్బుతో పాటు నిద్ర కూడా పోతుంది. పెట్ స్కాన్ అయితే అసలు ఈ దశలో అవసరమే లేదు, అది క్యాన్సర్ అని తేలాక ఎక్కడికన్నా పాకిందేమో చూడటానికి.

రిపోర్టులో ‘డెన్స్’ అని ఉంటే అది జబ్బు కాదు. కొవ్వు తక్కువ, గ్రంథుల కణజాలం ఎక్కువ అని. అదీ తెల్లగానే పడుతుంది, గడ్డా తెల్లగానే పడుతుంది, తిరుమల ఘాట్‌రోడ్డులో పొగమంచు మధ్య తెల్లకారును వెతికినట్టు. అలాంటివాళ్లకు త్రీడీ మామోగ్రామ్ గానీ అల్ట్రాసౌండ్ గానీ కలిపి చేస్తారు.

మీకు వేలూరే దగ్గర. తిరుపతి రాగలిగితే స్విమ్స్ ఆస్పత్రి ఉంది, అలిపిరి దగ్గర టాటా ట్రస్ట్స్ వాళ్ల క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. ఎక్కడికెళ్లినా క్యాంపువాళ్లను అడిగి కాగితం రిపోర్టుతో పాటు సీడీ కూడా తీసుకుని వెళ్లండి. పాత మామోగ్రామ్ ఏదైనా ఉంటే అదీ పట్టుకెళ్లండి, పక్కపక్కన పెట్టి చూస్తే ఒక్కోసారి అక్కడే తేలిపోతుంది. ఒకవేళ 3 అని, అంటే చాలావరకు ప్రమాదం లేనిదే అని ఇచ్చి 6 నెలలకు రమ్మంటే ఆ తేదీ ఫోన్‌లో పెట్టుకోండి, నొప్పి లేదు కదా అని అమ్మగారు వాయిదా వేస్తారు. సున్నా పక్కన ఏం రాశారో ఇక్కడ పెడితే నాకు తెలిసినంత చెబుతాను.