జున్ను కాదు, చీజ్

చిరంజీవికి ఆశీస్సులు.

సిడ్నీ నుంచి నువ్వు పంపిన కథ రెండుసార్లు చదివాను. రెండోసారి ఎర్ర పెన్ను పట్టుకుని. ఏమీ అనుకోకు తల్లీ, ఎర్ర సిరా కాస్త ఎక్కువే అయింది.

1787లో ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మౌత్ నుంచి ఖైదీలతో ఆస్ట్రేలియాకు బయల్దేరిన ఆ 11 ఓడల మీద రాయాలనుకోవడం మంచి ఆలోచనే. నువ్వు రోజూ బస్సెక్కే ఊరు వాళ్లు దిగిన రేవు చుట్టూ పెరిగిందే కదా. కానీ మొదటి పేరాలోనే 'ఆకలి కేకలు', 'కన్నీటి సంద్రం', 'కర్కశ చట్టం' మూడూ వచ్చేశాయి. ఎవరు ఏం దొంగిలించారో మాత్రం మూడో పేజీ దాకా రాలేదు. వచ్చాక కూడా 'కొంత జున్ను' అని తేల్చేశావు.

కొంత ఏమిటి? ఎలిజబెత్ బెక్‌ఫర్డ్ అనే డెబ్బై ఏళ్ల ముసలమ్మ ఎత్తుకెళ్లింది 12 పౌన్ల గ్లాస్టర్ చీజ్. దాదాపు ఐదున్నర కిలోలు. ఆ వయసులో అంత బరువు మోసుకుని ఎన్ని అడుగులు వేసి ఉంటుంది? కథ అక్కడుంది. ఏడేళ్ల ద్వీపాంతర శిక్ష వేశారు. లేడీ పెన్రిన్ అనే ఓడ ఎక్కించారు. దారిలోనే పోయింది. ఈ మాటల పక్కన నీ 'అభాగ్యురాలు' పెట్టి చూడు, ఎంత వెలవెలబోతుందో.

అన్నట్టు, జున్ను అనకు. జున్నంటే మనకు గేదె ఈనిన ఇంటి నుంచి గిన్నెలో వచ్చేది, బెల్లం, మిరియాలు వేసి వండేది. దాన్ని ఎవరూ దొంగిలించరు, పక్కింటివాళ్లే పంపిస్తారు. చీజ్ అనే రాయి.

లండన్‌లోని ఓల్డ్ బెయిలీ కోర్టు విచారణలు ఇంటర్నెట్‌లోనే ఉన్నాయి, చదువు. పోయిన వస్తువు పక్కన దాని ధర కూడా ఉంటుంది. ఆ ధరలను మాత్రం పూర్తిగా నమ్మకు. ఇంట్లోంచి 40 షిల్లింగుల సొత్తు ఎత్తుకెళ్తే ఉరి. అందుకని జాలిపడ్డ జ్యూరీలు, అంటే తీర్పు చెప్పే పన్నెండు మంది పౌరులు, చాలాసార్లు కావాలనే సొత్తుకు 39 షిల్లింగులే వెల కట్టేవి. ఒక్క షిల్లింగు తగ్గితే మెడ మిగిలేది. నీ కథలో జడ్జి పళ్లు కొరుకుతాడు. ఆ సీను తీసెయ్యి. ఆ పన్నెండు మంది పెద్దమనుషులు తలలు దగ్గర పెట్టుకుని వెండి చెంచాల వెల తగ్గిస్తూ గుసగుసలాడే సీను రాయి.

1783లో అదే కోర్టులో జాన్ హడ్సన్ అనే పిల్లవాడు నిలబడ్డాడు. వయసెంతంటే తొమ్మిదో ఏడన్నాడు. ఏం పని చేస్తావంటే ఏమీ లేదు, అప్పుడప్పుడు పొగగొట్టాలు ఊడుస్తానన్నాడు. అమ్మానాన్నా? చనిపోయారు. వాడి మీద మోపిన సొత్తు ఒక చొక్కా, ఐదు పట్టు మేజోళ్లు, ఒక పిస్తోలు, రెండు ఏప్రన్లు. ఐదు మేజోళ్లట! ఆరోది ఏమైందన్న సందేహం నన్నింకా వదల్లేదు.

నేనూ నీలాగే మొదలుపెట్టాను. నా మొదటి కథలో కోళ్ల దొంగకు మంచం పట్టిన తల్లిని తగిలించాను. ఒక సంపాదకుడు కార్డు మీద ఒకే ప్రశ్న రాసి కథ తిప్పి పంపాడు: "తల్లి బాగుంటే వీడు కోడిని పట్టేవాడు కాదా?" నెలరోజులు ఆయన్ని తిట్టుకున్నాను. ఆ ఓడల్లో అలవాటుపడ్డ దొంగలూ ఉన్నారు. వాళ్లకూ జబ్బు తల్లుల్ని ఇవ్వకు.

చరిత్రకు రెండు పేజీలు అక్కర్లేదు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంతో అక్కడికి ఖైదీలను పంపే దారి మూసుకుపోయింది, థేమ్స్ నదిలో పాత ఓడలను జైళ్లుగా మార్చి నింపారు, అవీ చాలక ఇటు చూశారు. అంతే. దాని బదులు 1790లో వచ్చిన రెండో దఫా ఓడల కాంట్రాక్టు చూడు. ఎక్కించిన తలకు ఇంత అని డబ్బు కట్టారు, దించిన తలకు కాదు. సుమారు 1,000 మంది ఎక్కితే 250 మందికి పైగా సముద్రంలోనే పోయారు. చచ్చినవాడి తిండి కంట్రాక్టరుకు మిగులు. ఇందులో విలన్ ఎవరూ మీసం మెలేయక్కర్లేదమ్మా, లెక్కల పుస్తకం చాలు.

'నిర్జన తీరం' కొట్టేశాను. 1788 జనవరి 26న వాళ్లు దిగిన చోట అక్కడి ఆదివాసులైన గడిగల్ ప్రజలున్నారు. చేపలు పడుతున్నవాళ్ల కళ్లకు ఆ ఓడలు ఎలా కనిపించి ఉంటాయో ఒక్క వాక్యమైనా ఉండాలి.

సెలవు రోజు మీ ఊళ్లోని హైడ్ పార్క్ బ్యారక్స్‌కి వెళ్లు. ఖైదీల కోసం 1819లో కట్టిన ఇల్లు. అక్కడ నేలపలకల కింద ఎలుకలు ఎత్తుకుపోయి దాచిన గుడ్డపీలికలు వేలకొద్దీ వస్తువులతో పాటు బయటపడ్డాయి. చూశావా, ఆ ఎలుకలకు మాత్రం ఏ శిక్షా లేదు. ఖైదీల చారల చొక్కా కూడా అక్కడే దొరికింది. దాని కుట్లు ఎలా ఉన్నాయో చూసి నాకు రాయి.