ఇనుము ఎక్కడుందో ముందు చూడు

ప్రశ్న: మేడమ్, నేను బి.ఎస్‌సి. రెండో ఏడాది, బయోకెమిస్ట్రీ. ప్రాక్టికల్స్‌లో హిమోగ్లోబిన్ త్రీడీ మోడల్‌ను కంప్యూటర్ మీద తిప్పి చూపించాలి. మౌస్ పట్టుకుంటే చాలు, అణువు ఎటో వెళ్లిపోతోంది. ఒక్కోసారి తెర మీద ఏమీ ఉండదు, ఒక్కోసారి సగం ముక్కే కనిపిస్తుంది. సీనియర్లు ఒక సాఫ్ట్‌వేర్‌లో నేర్పింది ఇంకోదాంట్లో పనిచేయడం లేదు. వైవా తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది. - ఒక విద్యార్థిని, గాజువాక

జవాబు: అమ్మా, తెర ఖాళీ అయితే అణువు పోయినట్టు కాదు, చెడిపోయినట్టూ కాదు. చూసేటప్పుడు మౌస్‌ను నువ్వు ఎంత తిప్పినా ఫైల్లోని ఒక్క పరమాణువు కూడా తన చోటు నుంచి కదలదు. మారేది నువ్వు చూస్తున్న చోటు. ఈ ఒక్క సంగతి మనసుకు పడితే చేతి వణుకు సగం తగ్గుతుంది.

నేను కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే రోజుల్లో మా విద్యార్థిని ఒకతె వైవాలో నీలాగే కూర్చుంది. దగ్గరగా చూపిద్దామని మౌస్ మధ్యలోని చక్రాన్ని తిప్పింది. ప్రోటీన్ కొద్దికొద్దిగా మాయమై, చివరికి నల్లటి తెర మిగిలింది. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ 'ప్రిపేర్ కాలేదు' అని మార్కులు తగ్గించారు. హిమోగ్లోబిన్ గురించి ఆ పిల్లకు అంతా తెలుసు. తెలియనిదల్లా ఆ సాఫ్ట్‌వేర్‌లో చక్రం ఏం చేస్తుందన్నదే. నేనూ ముందుగా చెప్పలేదు, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకే నీకు కాస్త వివరంగానే రాస్తున్నాను.

దాదాపు అన్ని సాఫ్ట్‌వేర్లలోనూ ఒకేలా ఉండేది ఒక్కటే: ఎడమ బటన్ నొక్కి పట్టుకుని లాగితే అణువు తిరుగుతుంది. తేడా అంతా చక్రం దగ్గరే. ప్రోటీన్ల త్రీడీ ఫైళ్లు దొరికే ప్రోటీన్ డేటా బ్యాంక్ వెబ్‌సైటులో వచ్చే మోల్‌స్టార్‌లోనూ, జేమోల్‌లోనూ చక్రం తిప్పితే దగ్గరకు, దూరానికి వెళతాం. పైమోల్‌లో అలా కాదు. అక్కడ చక్రం బొప్పాయిని కోసే చాకు లాంటిది. తిప్పేకొద్దీ ముందువైపు నుంచీ వెనకవైపు నుంచీ ముక్కలు తరిగేసి, మధ్యలో పలచటి పొర ఒక్కటే చూపిస్తుంది. నీకు సగం ముక్క కనిపించింది దీనివల్లే అయి ఉంటుంది. చక్రాన్ని వెనక్కి తిప్పితే అంతా తిరిగి వస్తుంది. పైమోల్‌లో దగ్గరకు వెళ్లాలంటే కుడి బటన్ నొక్కి మౌస్‌ను పైకీ కిందికీ లాగాలి, పక్కకు జరపాలంటే చక్రాన్నే బటన్‌లా నొక్కి లాగాలి. మోల్‌స్టార్‌లో పక్కకు జరిపేది కుడి బటన్. చూశావా, అదే కుడి బటన్ ఒకచోట జరుపుతుంది, ఇంకోచోట దగ్గరకు తెస్తుంది. మీ సీనియర్లు తప్పు చెప్పలేదు, వాళ్ల సాఫ్ట్‌వేర్ వేరు, అంతే. మీ ల్యాబ్‌లో ఏది ఉందో ముందే కనుక్కుని దాంట్లోనే వారం రోజులు చెయ్యి తిప్పు.

బాగా దారి తప్పితే మొదటికి వచ్చేయడమే మేలు. మోల్‌స్టార్‌లోనూ పైమోల్‌లోనూ రీసెట్ బటన్ ఉంటుంది. జేమోల్‌లో షిఫ్ట్ నొక్కి పట్టి ఖాళీ చోట రెండుసార్లు క్లిక్ చేయాలి. వైవాలో రీసెట్ కొట్టడం నామోషీ కాదు.

ఇక అణువు 'ఎటో వెళ్లిపోవడం' సంగతి. మామూలుగా తిప్పినప్పుడు మొత్తం అణువు తన నడిబొడ్డు చుట్టూ తిరుగుతుంది. నువ్వేమో అంచున ఉన్న ఏదో ముక్కకు బాగా దగ్గరగా వెళ్లి అప్పుడు తిప్పుతావు. తిరునాళ్లలో రంగులరాట్నం అంచున కూర్చున్న పిల్లవాడిలా ఆ ముక్క గిర్రున తెర దాటిపోతుంది. కాబట్టి చూడదలచిన దాన్ని ముందు మధ్యకు తెచ్చుకోవాలి. మోల్‌స్టార్‌లో దాని మీద ఒక్క క్లిక్ చాలు, చూపు దాని మీదికి వెళ్లి చుట్టుపక్కల ఉన్నవన్నీ కూడా కనిపిస్తాయి. పైమోల్‌లో చక్రాన్ని ఆ పరమాణువు మీద ఒకసారి నొక్కాలి. ఆ తర్వాత ఎంత తిప్పినా అది మధ్యలోనే ఉంటుంది.

ఎందుకు తిప్పాలి, మంచి బొమ్మ ఒకటి పెట్టుకుంటే చాలదా అని క్లాసులో పిల్లలు నన్ను అడిగేవారు. ఆర్.కె. బీచ్‌లో కురుసుర సబ్‌మెరీన్ ఉంది కదా. దాని ముక్కుకు ఎదురుగా నిలబడితే గుండ్రటి నల్లటి ముఖం తప్ప ఏమీ తెలియదు. నాలుగడుగులు పక్కకు వేస్తే 91 మీటర్ల పొడవు కళ్లముందు పరుచుకుంటుంది. ప్రోటీన్‌లోని ఆల్ఫా హెలిక్స్ కూడా ఇంతే. ఇరుసు వెంట చూస్తే ఉంగరం, పక్క నుంచి చూస్తే స్ప్రింగ్. హిమోగ్లోబిన్ గొలుసులు (అమైనో ఆమ్లాలు వరసగా కూర్చినవి) నాలుగూ ఇలాంటి హెలిక్స్‌లతోనే నిండి ఉంటాయి. బొమ్మలో ఉంగరాన్ని చూసి అదేదో వేరే భాగం అనుకునే వాళ్లను చాలామందిని చూశాను.

లోతు తెలియాలన్నా కదలికే కావాలి. బీచ్ రోడ్డులో బస్సులో వెళుతుంటే ఒడ్డునున్న కొబ్బరిచెట్లు వెనక్కి పరుగెడతాయి, దూరంగా లంగరేసిన ఓడ మాత్రం కదలనట్టే ఉంటుంది. ఏది దగ్గరో ఏది దూరమో కంటికి అలాగే తెలుస్తుంది. తెర మీదా అదే పని చెయ్యి. గిరగిరా తిప్పకు. ఎడమకు కొంచెం, కుడికి కొంచెం, ఉయ్యాల ఊపినట్టు ఊపుతూ చూడు.

ఇప్పుడు కురుసుర పక్కన పెట్టి అసలైనది చేద్దాం. ప్రోటీన్ డేటా బ్యాంక్‌లో 4హెచ్‌హెచ్‌బి అని వెతుకు. మనిషి హిమోగ్లోబిన్, ఆక్సిజన్ లేని రూపం. నాలుగు గొలుసులు, రెండు ఆల్ఫా, రెండు బీటా. ఒక్కోదాంట్లో ఒక హీమ్, అంటే ఇనుమును పట్టుకుని ఉండే చదునైన భాగం. రంగులు చూసి కంగారుపడకు, ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా ఆక్సిజన్ ఎరుపు, నైట్రోజన్ నీలం, ఇనుము నారింజ రంగు అన్నది సాధారణంగా మారదు. నువ్వు వెతకాల్సింది ఆ నారింజ గుండు. అది దొరికితే దారి దొరికినట్టే. దాని మీద క్లిక్ చేసి దగ్గరకు వెళ్లు. ఎదురుగా చూస్తే హీమ్ ఒక పళ్లెంలా ఉంటుంది, మధ్యలో ఇనుము, చుట్టూ నాలుగు నీలం నైట్రోజన్లు. ఇంతవరకూ పుస్తకంలో ఉన్న బొమ్మే.

ఇక్కడ ఆగి నెమ్మదిగా తిప్పు. పళ్లెం అంచు మాత్రమే కనిపించి, అది ఒక గీతలా మారేదాకా తిప్పు. అప్పుడు చూడు, ఇనుము ఆ గీత మీద ఉండదు. ఒక పక్కకు కాస్త ఉబ్బి ఉంటుంది, సుమారు 0.04 నానోమీటర్లు. అది ఉబ్బిన వైపే హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ఒకటి దాన్ని పట్టుకుని ఉంటుంది, ఆల్ఫా గొలుసులో 87వది, బీటాలో 92వది. ఆక్సిజన్ రెండో వైపు నుంచి వచ్చి అంటుకోగానే ఇనుము పళ్లెంలోకి సర్దుకుంటుంది, హిస్టిడిన్‌ను వెంట లాగుతుంది, ఆ లాగుడు గొలుసు మొత్తానికీ, పక్క గొలుసులకూ పాకుతుంది. ఒక హీమ్‌కు ఆక్సిజన్ అందితే మిగతా వాటికి తేలికగా అందడానికి కారణం ఇదని మాక్స్ పెరుట్జ్ 1970లో వివరించారు. మనం పీల్చే ప్రతి ఊపిరికీ ఇదే జరుగుతోంది. ఎదురుగా చూస్తే ఇదేమీ కనబడదమ్మా, అంచు మీద చూస్తేనే. ఎగ్జామినర్‌కు ఈ ఒక్క తిప్పుడు చూపించు. నీకు విషయం తెలుసా లేదా అని ఆయన ఇంకేమీ అడగక్కర్లేదు.

ప్రశ్న: నేను హైస్కూలు సైన్సు టీచరును. మా పిల్లల ఇళ్లలో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బు ఉంది. ఈ మోడళ్లతో దాన్ని అర్థమయ్యేలా చెప్పవచ్చా? ఇక్కడ నెట్ సరిగా రాదు. - ఒక ఉపాధ్యాయుడు, పాడేరు

జవాబు: చెప్పవచ్చు మాస్టారూ, చెప్పి తీరాలి కూడా. మన ఏజెన్సీ పిల్లలకు ఇది పుస్తకంలోని పాఠం కాదు, ఇంట్లో నొప్పితో అరిచే అన్నయ్య. జేమోల్ ఉచితం. కంప్యూటర్‌లో జావా ఉంటే నెట్ లేకుండానే నడుస్తుంది. మీరు విశాఖ వచ్చినప్పుడు రెండు ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో వేసుకు వెళ్లండి: 4హెచ్‌హెచ్‌బి, 2హెచ్‌బిఎస్. మొదటి దాంట్లో బీటా గొలుసు 6వ స్థానం చూపించండి. అక్కడ గ్లుటామిక్ ఆమ్లం ఉంటుంది. అణువును అన్నివైపులా తిప్పి, అది లోపల కాదు, పై తొక్క మీద ఉందని పిల్లల చేతే చెప్పించండి. రెండోది సికిల్ హిమోగ్లోబిన్, అదే చోట వాలీన్ ఉంటుంది. గ్లుటామిక్ ఆమ్లానికి నీళ్లంటే ఇష్టం, వాలీన్‌కు నూనెచుక్కలా నీళ్లంటే పడదు. ఆ ఫైల్లో రెండు హిమోగ్లోబిన్లు పక్కపక్కనే ఉంటాయి. ఒకదాని వాలీన్ రెండోదాని గుంటలో, 85వ ఫినైల్ అలనీన్‌కూ 88వ ల్యూసీన్‌కూ దగ్గరగా దూరి ఉంటుంది. ఆక్సిజన్ వదిలేశాక అణువులు ఇలా ఒకదానికొకటి అతుక్కుంటూ తాళ్లలా పేనుకుపోవడం వల్లే ఎర్ర రక్తకణం కొడవలిలా వంగుతుంది. మౌస్ మీరు పట్టుకోకండి, పిల్లలకే ఇవ్వండి. సాధారణంగా ఇద్దరు తల్లిదండ్రుల నుంచీ ఆ మార్పు వస్తేనే జబ్బు అనీ, ఇందులో ఎవరి తప్పూ లేదనీ అదే క్లాసులో చెప్పండి.

ప్రశ్న: మా అబ్బాయి ల్యాప్‌టాప్‌కు మౌస్ లేదు. ఇవి చూడడానికి కొనాలా? - ఒక తండ్రి, మధురవాడ

జవాబు: కొనండి. టచ్‌ప్యాడ్ మీద ఒక వేలితో తిప్పడం, రెండు వేళ్లతో దగ్గరకు తెచ్చుకోవడం వరకూ ఫర్వాలేదు, కానీ పైమోల్‌కు మధ్య బటన్ లేకపోతే చాలా ఇబ్బంది. వైరుతో వచ్చే మామూలు మౌస్ సరిపోతుంది. షాపులో తీసుకునే ముందు చక్రాన్ని తిప్పి చూడడమే కాదు, నొక్కి కూడా చూడండి. టక్కుమని బటన్‌లా దిగాలి.