వెనుక కుంగిన ఎంజీబీకి కమాన్లు వేయించే ముందు

చిరంజీవి రఘుకు నల్లగొండ నుండి మీ పెద్దనాయన ఆశీస్సులు.

నీ పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీ వెనుకభాగం కుంగిందనీ, మిర్యాలగూడలో లారీల కమాన్లు (ఉక్కు పట్టీలు పేర్చిన స్ప్రింగులు) కట్టే మేస్త్రీ ఒక పట్టీ అదనంగా వేస్తే చాలన్నాడనీ రాశావు. ఆ పని చేయించవద్దు. ధాన్యం బస్తాలు మోసే లారీకి అది చెల్లుతుంది గానీ, ఇద్దరే కూర్చునే తేలికపాటి బండి పైకి లేచినట్టు కనిపించినా ప్రతి గుంతకూ వెనుక చక్రాలు ఎగిరి, మలుపుల్లో పట్టు తప్పుతుంది.

ముందు సమతలమైన నేల మీద, టైర్లలో సరిగ్గా గాలి నింపి, డిక్కీ ఖాళీ చేసి, చక్రం నడిమధ్య నుండి పైనున్న మడ్‌గార్డు అంచు వరకు రెండు వైపులా కొలిచి రాసుకో. రెండూ సమానంగా తగ్గితే కమాన్లు సత్తువ కోల్పోయినట్టే. ఒకవైపే తగ్గితే పట్టీ విరిగి ఉండవచ్చు, పట్టీలను నడిమధ్య కలిపి పట్టే సెంటర్ బోల్టు తెగి ఉండవచ్చు, లేదా కమాను ముందుకొన బిగించే చోట బాడీ తుప్పుపట్టి ఉండవచ్చు. ఈ బండికి వేరే ఛాసిస్ లేదు, బరువంతా బాడీయే మోస్తుంది. కాబట్టి అక్కడ స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడు, మొన లోపలికి దిగితే వెల్డింగు అయ్యాకే కమాన్ల మాట. షాకబ్సార్బర్లు ఊపును ఆపుతాయే తప్ప ఎత్తును నిలపవు. నూనె కారుతుంటేనే వాటి జోలికి వెళ్లు.

1962 నుండి 1980 వరకు తయారైన ఈ బండికి 1974లో రబ్బరు బంపర్లు వచ్చినప్పుడు ఎత్తు పెంచారు. ఆ కమాన్లు నీ క్రోమ్ బంపర్ బండికి వేస్తే తోక ఎత్తినట్టు నిలుస్తుంది. పైకప్పున్న ఎంజీబీ జీటీ రకం కమాన్లు కూడా వేరు. ఏవైనా జతగానే మార్చు. పాతవాటికే వంపు తెప్పించాలనుకుంటే కొలిమిలో ఎర్రగా కాల్చేవారికి ఇవ్వకు, పదును పోయిన ఉక్కు మళ్లీ కుంగుతుంది.

అసలు జాగ్రత్త బిగింపులో ఉంది. జాకీని నమ్మక బాడీ కింద స్టాండ్లు పెట్టు, ఇరుసు బ్రేకు గొట్టం మీద వేలాడకుండా చూడు. కమాను కొనల్లోని రబ్బరు బుష్‌ల బోల్టులను బండి స్టాండ్ల మీద ఉండగా వదులుగానే ఉంచి, చక్రాలు నేల మీద మోపి, బరువంతా కమాన్ల మీద పడ్డాకే గట్టిగా బిగించాలి. లేకపోతే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది, ఎత్తూ తప్పుగా నిలుస్తుంది. మన మేస్త్రీలు తొందరలో దాటవేసేది ఇదే, దగ్గరుండి చేయించు. కమానును ఇరుసుకు పట్టి ఉంచే యూ బోల్టులు కొత్తవి వేసి, నాలుగు నట్లనూ కొద్దికొద్దిగా, సమానంగా బిగించు.

నార్కట్‌పల్లి దాకా నడిపి వచ్చాక యూ బోల్టులు మళ్లీ బిగించి, ఎత్తు మరోసారి కొలువు. కొత్త కమాన్లు కాస్త దిగడం సహజమే. తోక లేచినందున హెడ్‌లైట్ల వెలుగు దగ్గరగా పడుతుంది, రాత్రి హైవే ఎక్కే ముందు దాన్ని సరిచేయించు.